అమెరికాలో డీఏ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ పనేంటి? మన పీపీ దగ్గర అలాంటి మనిషి ఎందుకు లేడు?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఏదైనా క్రిమినల్ కేసులో సాక్షిగానో బాధితులుగానో ఉంటే, ఎప్పుడో ఒక సాయంత్రం మామూలు బట్టల్లో ఒకరు తలుపు తడతారు. నడుముకి బ్యాడ్జి ఉంటుంది, చేతిలో విజిటింగ్ కార్డు. "డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు నుంచి వచ్చాను, సీనియర్ ఇన్వెస్టిగేటర్‌ని, కాసేపు మాట్లాడొచ్చా" అంటారు. మనవాళ్లకి వెంటనే వచ్చే సందేహం ఒకటే. చెప్పాల్సిందంతా ఎప్పుడో పోలీసులకి చెప్పేశాం కదా, మళ్లీ ఈయనెవరు? పోలీసా, లాయరా, కోర్టు మనిషా? టెన్షన్ పడటంలో తప్పు లేదు, ఎందుకంటే మన దేశంలో ఈ ఉద్యోగమే లేదు. మన దగ్గర దర్యాప్తు పోలీసులది, కోర్టులో వాదన పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ది. ప్రాసిక్యూటర్ ఆఫీసులోనే కూర్చుని, ప్రాసిక్యూటర్ కోసమే దర్యాప్తు చేసే మనిషి అంటే మనకి ఊహకి కూడా అందదు.

దీని గురించి విడమరిచి రాయాలనిపించడానికి కారణం ఉంది. నా లెక్కలో మన కోర్టుల్లో కేసులు ఎక్కువగా కూలిపోయేది అరెస్టు దగ్గరా కాదు, తీర్పు దగ్గరా కాదు. చార్జిషీటు వేసిన రోజు నుంచి చివరి సాక్షి బోనెక్కే రోజు దాకా ఉండే ఆ పొడవాటి ఖాళీలో. ఆ ఖాళీలో కేసుని మోసే మనిషి అక్కడ ఉన్నాడు, ఇక్కడ లేడు.

ముందు అక్కడి వ్యవస్థ కాస్త చూద్దాం. అమెరికాలో క్రిమినల్ కేసుల్లో చాలా భాగం నడిచేది రాష్ట్ర చట్టాల కింద, కౌంటీ స్థాయి ప్రాసిక్యూటర్ల చేతుల్లో. దేశమంతా కలిపి ఇలాంటి ఆఫీసులు 2,300కి పైనే ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ఆ ఆఫీసు పెద్ద, అంటే అందరూ డీఏ అని పిలిచే డిస్ట్రిక్ట్ అటార్నీ, ఎన్నికల్లో గెలిచి వస్తారు. మనవాళ్లు బాగా ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో మాత్రం కౌంటీ ప్రాసిక్యూటర్‌ని గవర్నర్ నియమిస్తారు, అక్కడ హత్య జరిగితే దర్యాప్తు ముందుండి నడిపించేది ఆ ప్రాసిక్యూటర్ ఆఫీసు డిటెక్టివ్‌లే. పెన్సిల్వేనియాలో వీళ్లని కౌంటీ డిటెక్టివ్‌లు అంటారు, వీళ్లని పెట్టుకునేది డీఏనే. కాలిఫోర్నియాలో అయితే పీనల్ కోడ్ సెక్షన్ 830.1 ప్రకారం డీఏ ఇన్వెస్టిగేటర్లు పూర్తి స్థాయి పీస్ ఆఫీసర్లు: అరెస్టు చేయొచ్చు, సెర్చ్ వారెంట్ అడగొచ్చు, తుపాకీ పెట్టుకోవచ్చు. ఈ ఉద్యోగాల్లోకి ఎక్కువగా వచ్చేది అప్పటికే పోలీసు శాఖలోనో షెరిఫ్ ఆఫీసులోనో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. సీనియర్ హోదా అంటే హత్యలు, అవినీతి, పోలీసు కాల్పులు లాంటి బరువైన ఫైళ్లు ఆ టేబుల్ మీదకే వస్తాయి.

మనవాళ్లకి బాగా గుర్తుండే ఒక కేసు చెబుతాను. 2012 అక్టోబరు 22న ఫిలడెల్ఫియా శివార్లలోని కింగ్ ఆఫ్ ప్రష్యాలో, ఒక అపార్ట్‌మెంట్‌లో 61 ఏళ్ల తెలుగు పెద్దావిడని చంపేసి, ఆవిడ చూసుకుంటున్న 10 నెలల మనవరాలిని ఎత్తుకెళ్లారు. 50,000 డాలర్లు కావాలని నోట్ వదిలిపెట్టారు. పాప కూడా బతకలేదు. స్థానిక పోలీసులతో కలిసి ఆ కేసు పట్టుకున్నది మాంట్‌గోమరీ కౌంటీ డిటెక్టివ్‌లు, అంటే డీఏ ఆఫీసు మనుషులు. ఆ నోట్‌లో పాప తల్లిదండ్రులని ముద్దుపేర్లతో రాశారు. దగ్గరివాళ్లకి తప్ప ఆ పేర్లు తెలియవు. ఆఫీసు రికార్డుల్లో ఉండే పొడవాటి పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి అన్నది తెలుగు ఇళ్లలో మనకి మామూలు విషయం, కానీ వాళ్లు దాన్ని పట్టుకుని ఈ పిలుపు ఎవరెవరికి తెలుసు అని ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే, అదే సముదాయంలో ఉంటున్న, ఆ కుటుంబానికి తెలిసిన తెలుగువాడి దగ్గర దారి ఆగింది. 2014 అక్టోబరులో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చి మరణశిక్ష వేసింది, 2017లో పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు దాన్ని ఖరారు చేసింది. అయితే కోర్టులో గట్టి పోరాటం జరిగింది అతను స్టేషన్‌లో ఇచ్చిన వాంగ్మూలం గురించి. తనంతట తానే వచ్చాడా, లేచి వెళ్లిపోవడానికి స్వేచ్ఛ ఉందా, హక్కులు ఎప్పుడు చదివి వినిపించారు? ఇలాంటి ప్రశ్నలకి బోనెక్కి జవాబు చెప్పాల్సింది ఆ గదిలో కూర్చున్న డిటెక్టివ్‌లే. నేరస్తుణ్ని పట్టుకోవడం ఒక పని, పట్టుకున్న తీరు కోర్టులో నిలబడటం వేరే పని. డీఏ ఆఫీసు వాళ్లకి ఆ రెండో పని మొదటి గంట నుంచే మనసులో ఉంటుంది.

పోలీసులకీ వీళ్లకీ తేడా ఇక్కడే. పోలీసులకి అరెస్టు చేయడానికి కావాల్సింది నమ్మదగిన కారణం. కోర్టులో శిక్ష పడాలంటే జ్యూరీ సభ్యులంతా (మామూలుగా 12 మంది), సహేతుకమైన సందేహం ఏదీ మిగలకుండా, ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. 2020 నుంచి తీవ్రమైన నేరాల్లో ఈ ఏకగ్రీవం నియమంలో ఏ రాష్ట్రానికీ మినహాయింపు లేదు. ఆ మొదటి గీతకీ ఈ రెండో గీతకీ మధ్య చాలా దూరం. అరెస్టయింది, మీడియా వాళ్లు వెళ్లిపోయారు, పోలీసు డిటెక్టివ్ మీద ఇంకో పది కొత్త కేసులు వచ్చి పడ్డాయి. ప్రాసిక్యూటర్ ఫైలు చదువుతూ పక్కన ప్రశ్నలు రాసుకుంటూ పోతాడు, ఆ ప్రశ్నల కాగితం ఇన్వెస్టిగేటర్ చేతికి వస్తుంది.

ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. ఒక షాపు ముందు కాల్పులు జరిగాయనుకుందాం. సీసీటీవీలో నిందితుడు కనిపించిన సమయం రాత్రి 9:47. కానీ ఎమర్జెన్సీ నంబరు 911కి మొదటి ఫోన్ వచ్చింది 9:41కి. అంటే కాల్పులు జరిగిన ఆరు నిమిషాల తర్వాత అతను అక్కడికి వచ్చాడా? డిఫెన్స్ లాయర్ చేతికి ఇది దొరికితే కేసు సగం అక్కడే పోతుంది. ఇన్వెస్టిగేటర్ ఆ షాపుకి వెళ్లి, సీసీటీవీ రికార్డు చేసే డీవీఆర్ బాక్సు తెర మీద సమయం, పక్కనే తన ఫోన్‌లో సమయం, రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి, ఆ బాక్సు గడియారం ఆరు నిమిషాలు ముందు నడుస్తోందని రిపోర్టు రాస్తాడు. ఆ వీడియోని బాక్సులోంచి పెన్ డ్రైవ్‌లోకి దింపిందెవరు, దాన్ని ఎవరికి ఇచ్చారు, మధ్యలో ఎవరి బీరువాలో ఉంది అన్నది వరసగా రాస్తాడు. మొదటి పోలీసు రిపోర్టులో "పైఅంతస్తులో ఉండే ఒకావిడ అరుపులు విన్నానంది" అని ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, ఆవిడ పేరు కూడా ఉండదు. ఆవిడ్ని వెతికి పట్టుకుంటాడు. జైలు నుంచి నిందితుడు చేసిన ఫోన్ కాల్స్ రికార్డవుతాయి, అవి కూర్చుని వింటాడు. చాలా విసుగు పుట్టించే పని ఇది. సినిమాల్లో చూపించేదేదీ ఇందులో ఉండదు.

ఇంకో పని ఉంది, బయటవాళ్లకి తొందరగా అర్థం కాదు. ప్రాసిక్యూటర్ సాక్షితో మాట్లాడేటప్పుడు పక్కన ఇన్వెస్టిగేటర్ ఎందుకు కూర్చుంటాడు? సాక్షి ఆఫీసులో "అతన్ని నేను స్పష్టంగా చూశాను" అంది, రెండు నెలల తర్వాత బోనెక్కి "చీకటిగా ఉంది, మొహం కనపడలేదు" అంది అనుకుందాం. అప్పుడు ఆవిడ ముందు చెప్పిన మాటని జ్యూరీ ముందు పెట్టాలి. ఎవరు పెడతారు? ఆ గదిలో ప్రాసిక్యూటర్ ఒక్కడే ఉంటే తనే సాక్షి అవ్వాలి, కానీ ఒకే కేసులో లాయర్‌గా వాదిస్తూ సాక్షిగా బోనెక్కడానికి అక్కడి వృత్తి నియమాలు ఒప్పుకోవు, కేసు వదులుకోవాల్సి వస్తుంది. అందుకే మూడో మనిషి ఉండాలి, ఆ మనిషి రాసుకోవాలి, అవసరమైతే బోనెక్కాలి. తిరగేసి చూస్తే ఇది నిందితుడికి కూడా రక్షణే. ప్రాసిక్యూటర్ సాక్షికి ఏం నూరిపోశాడో, సాక్షి కథ ఏ రోజు ఎలా మారిందో చెప్పగలిగే మనిషి ఒకరు ఉంటారు.

సాక్షులని వెతకడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగంలో కాలం ఎక్కువగా తినేది అదే. 2004లో క్రాఫర్డ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు గట్టిగా ఒక మాట చెప్పింది: సాక్షి పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం ఎంత బాగున్నా, ఆ సాక్షి కోర్టుకి వచ్చి డిఫెన్స్ క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడకపోతే దాన్ని నేర రుజువుగా వాడకూడదు. మనిషి రాకపోతే కాగితానికి విలువ లేదు. ముందు విచారణలో ఒకసారి ఆ సాక్షి క్రాస్‌కి నిలబడి ఉంటే, ఆ పాత సాక్ష్యాన్ని చదవొచ్చు, కానీ సాక్షి కోసం నిజాయితీగా వెతికాం అని ప్రాసిక్యూషన్ జడ్జిని ఒప్పించాలి. అప్పుడు ఇన్వెస్టిగేటర్ బోనెక్కి చిట్టా విప్పుతాడు. ఫలానా తేదీన పాత అడ్రసుకి వెళ్లాను, ఇల్లు ఖాళీ చేసి ఉంది, ఇంటి ఓనర్‌తో మాట్లాడాను, పనిచేసిన హోటల్లో అడిగాను, అక్కగారింటికి రెండుసార్లు వెళ్లాను, జైళ్లలో ఆస్పత్రుల్లో కనుక్కున్నాను, ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టాను. ఏ తేదీ, ఏ సమయం, ఎవరితో మాట్లాడాడు, వాళ్లు ఏమన్నారు, అన్నీ ఉండాలి. రెండు ఫోన్లు చేసి వదిలేశాడని తేలితే జడ్జి ఆ పాత సాక్ష్యాన్ని రానివ్వడు. సాక్షి భయపడి దాక్కుంటే ఆ భయాన్ని చూసుకోవడం కూడా వీళ్ల పనే: కాలిఫోర్నియాలో బెదిరింపులున్న సాక్షుల కుటుంబాన్ని వేరే ఊరికి మార్చే ఖర్చుకి రాష్ట్ర పథకం ఉంది.

మన ఆడపిల్లల విషయంలో ఇది చాలా అవసరమైన సంగతి. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో ఉండి భర్త చేతిలో దెబ్బలు తిన్న అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి వెనకాడేది ఎక్కువగా వీసా పోతుందని. 2000లో వచ్చిన చట్టం కింద యూ వీసా అని ఒకటి ఉంది, కొన్ని రకాల నేరాలకి గురై, దర్యాప్తుకో విచారణకో సహకరించిన బాధితులకి ఇస్తారు, ఏడాదికి 10,000 పరిమితి. దానికి కావాల్సిన ధ్రువీకరణ పోలీసులే ఇవ్వాలని లేదు, ప్రాసిక్యూటర్ ఆఫీసు కూడా ఇవ్వొచ్చు. పరిమితి వల్ల ఏళ్ల తరబడి ఎదురుచూపు ఉంటుంది, ఆ ధ్రువీకరణ ఇవ్వాలా వద్దా అన్నది కూడా చాలా చోట్ల ఆ ఆఫీసు ఇష్టమే. అయినా ఇలాంటిది ఉందని తెలియక కేసు వదిలేసుకోవడం ఎంత అన్యాయం.

ఇక ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగానికి వస్తాను. 1963లో బ్రేడీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఏమిటంటే, నిందితుడికి పనికొచ్చే ముఖ్యమైన ఆధారం ప్రాసిక్యూషన్ దగ్గర ఉంటే అది డిఫెన్స్‌కి ఇచ్చి తీరాలి. 1995లో కైల్స్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, పోలీసులకీ దర్యాప్తు చేసేవాళ్లకీ తెలిసింది నాకు తెలియదు అని ప్రాసిక్యూటర్ తప్పించుకోలేడు, తెలుసుకోవాల్సిన బాధ్యత తనదే అంది. అంటే ఇన్వెస్టిగేటర్ నోట్‌బుక్‌లో "సాక్షి ఆ రోజు తాగి ఉన్నానని ఒప్పుకుంది" అనే వాక్యం ఉంటే, అది తన వైపు కేసుని పడగొట్టేదైనా సరే, అవతలివాళ్లకి చేరాలి. మన వైపు వాణ్ని గెలిపించాలి అనే బుద్ధితో ఈ పని చేసేవాడు ఆ వాక్యాన్ని రాయడు. మంచి ఇన్వెస్టిగేటర్‌కీ ప్రమాదకరమైన ఇన్వెస్టిగేటర్‌కీ తేడా ఆ ఒక్క వాక్యం దగ్గరే తెలిసిపోతుందని నేను నమ్ముతాను.

అది జరగకపోతే ఏమవుతుందో న్యూ ఆర్లీన్స్ చూపించింది. జాన్ థామ్సన్ అనే మనిషి అక్కడ దోపిడీ కేసులో ఒకసారి, హత్య కేసులో ఒకసారి దోషి అయి 18 ఏళ్లు జైల్లో ఉన్నాడు, అందులో 14 ఏళ్లు మరణశిక్ష ఖైదీగా. 1999లో ఉరిశిక్ష తేదీకి ఒక నెల ముందు, డిఫెన్స్ తరఫు ప్రైవేటు ఇన్వెస్టిగేటర్‌కి పోలీసు క్రైమ్ ల్యాబ్ ఫైళ్లలో ఒక పాత రిపోర్టు దొరికింది. దోపిడీ చేసినవాడి రక్తం గ్రూపు అందులో ఉంది, అది థామ్సన్ గ్రూపు కాదు. ఆ రిపోర్టు డిఫెన్స్‌కి ఎప్పుడూ ఇవ్వలేదు. రెండు శిక్షలూ రద్దయ్యాయి, హత్య కేసు మళ్లీ విచారిస్తే జ్యూరీ నిర్దోషి అంది. జ్యూరీ ఇప్పించిన 1 కోటి 40 లక్షల డాలర్ల పరిహారాన్ని 2011లో సుప్రీం కోర్టు 5-4తో కొట్టేసింది, ఒక్క సంఘటనతో మొత్తం డీఏ ఆఫీసు శిక్షణ లోపమని చెప్పలేమంది. ఆ తీర్పు చదివితే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఈ అనుభవాల నుంచే కన్విక్షన్ ఇంటెగ్రిటీ యూనిట్లు పుట్టాయి, అంటే తమ ఆఫీసే గతంలో గెలిచిన కేసుల్ని తామే తిరిగి తవ్వే విభాగాలు. 2007లో డల్లాస్‌లో అప్పటి డీఏ క్రెయిగ్ వాట్కిన్స్ పెట్టిన యూనిట్ చూసి చాలా కౌంటీలు అదే దారి పట్టాయి. అక్కడ సీనియర్ ఇన్వెస్టిగేటర్ పని ఇరవై ఏళ్ల కిందటి సాక్షి తలుపు తట్టి, అప్పుడు మీరు చెప్పింది మీరు చూసిందేనా అని అడగడం. అవతల పాత కేసుల్ని ఛేదించేవాళ్లూ ఈ ఆఫీసుల్లో ఉంటారు. గోల్డెన్ స్టేట్ కిల్లర్‌గా పేరుపడ్డ జోసెఫ్ డీఆంజెలో 2018 ఏప్రిల్‌లో దొరికాడు, వంశవృక్షాల వెబ్‌సైట్‌లో డీఎన్‌ఏ సరిపోల్చి దూరపు బంధువుల దగ్గర నుంచి అతని దాకా వచ్చారు, ఆ దారి వేసినవాళ్లలో కాంట్రా కోస్టా కౌంటీ డీఏ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ పాల్ హోల్స్ ఒకరు. 2020లో 13 హత్యలు ఒప్పుకున్నాడు. కాలిఫోర్నియాలోనే భార్యాభర్తల గొడవలో ఒకరు పిల్లల్ని తీసుకుని మాయమైపోతే వెతికి తెచ్చే బాధ్యత కూడా ఫ్యామిలీ కోడ్ ప్రకారం డీఏదే. పిల్లల్ని ఇండియాకి తెచ్చేసిన కేసుల్లో పని ఇంకా చిక్కుపడుతుంది, ఎందుకంటే దీనికి సంబంధించిన 1980 హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే తప్పు. దర్యాప్తు, ప్రాసిక్యూషన్ ఒకే చేతిలో ఉంటే ఆ చెయ్యి తప్పు చేసినప్పుడు ఆపేదెవరు? ఇల్లినాయిలోని డ్యూపేజ్ కౌంటీలో 1983లో ఒక చిన్నారి హత్య జరిగింది, తలుపు మీద బూటు గుర్తు దొరికింది. అది నిందితుడి బూటేనని మూడు ల్యాబులు నమ్మకంగా చెప్పలేకపోయాయి. అప్పుడు ప్రాసిక్యూటర్లు వేరే రాష్ట్రంలో, కావాల్సిన జవాబు ఇచ్చే నిపుణురాలిని వెతికి పట్టుకున్నారన్నది ఆ తర్వాత ఆ నిందితుడు స్టీఫెన్ బక్లీ వేసిన దావాలో ఆరోపణ. అతను మూడేళ్లు జైల్లో ఉన్నాక అభియోగాలు ఎత్తేశారు, చివరికి ఆ నేరం వేరేవాడు ఒప్పుకున్నాడు. 1993లో సుప్రీం కోర్టు ఆ దావాలో గీసిన గీత ఇది: కోర్టులో లాయర్‌గా చేసే పనులకి ప్రాసిక్యూటర్‌కి దావాల నుంచి పూర్తి రక్షణ ఉంటుంది, కానీ డిటెక్టివ్ పని చేస్తే డిటెక్టివ్‌కి ఉన్నంత రక్షణే. పైగా అమెరికాలో రాష్ట్రాల్లో పడే శిక్షల్లో దాదాపు 94 శాతం నేరం ఒప్పుకోలు వల్లే వస్తున్నాయని 2012లో సుప్రీం కోర్టే రాసింది, అంటే ఇన్వెస్టిగేటర్ ఫైలుని జ్యూరీ పరీక్షించే అవకాశమే చాలా కేసుల్లో రాదు. దక్షిణ కొరియాలో ప్రాసిక్యూటర్లకి దర్యాప్తు అధికారం కూడా ఉండటం మీద దశాబ్దాల గొడవ నడిచి, చివరికి 2025 సెప్టెంబరులో పార్లమెంటు ప్రాసిక్యూషన్ ఆఫీసునే రద్దు చేసి దర్యాప్తుకి ఒకటి, అభియోగాలకి ఒకటి వేరు సంస్థలు పెట్టేలా చట్టం చేసింది. ఈ భయం ఉత్తుత్తి భయం కాదు.

మన దేశం ఈ భయంతోనే అవతలి కొసకి వెళ్లింది. 1973కి ముందు మేజిస్ట్రేటు కోర్టుల్లో పోలీసు అధికారులే ప్రాసిక్యూటర్లుగా వాదించేవాళ్లు. అది సరికాదని లా కమిషన్ 1958లోనే చెప్పింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మార్పు వచ్చింది, 1995లో ఎస్.బి. షహానే కేసులో ప్రాసిక్యూటర్లని పోలీసు శాఖ అజమాయిషీ నుంచి పూర్తిగా తప్పించాలని సుప్రీం కోర్టు చెప్పింది. 2000లో ఆర్. సరళ కేసులో ఇంకా గట్టి గీత గీసింది: చార్జిషీటు వేసే ముందు పీపీ అభిప్రాయం తీసుకోవాలని దర్యాప్తు అధికారిని కోర్టు కూడా ఆదేశించకూడదు, దర్యాప్తు వేరు ప్రాసిక్యూషన్ వేరు అంది. సిద్ధాంతంగా చూస్తే నాకు దీంతో పేచీ లేదు. పోలీసుల తప్పుని పట్టుకోవాల్సిన మనిషి పోలీసులతో కలిసి కేసు వండకూడదు.

కానీ ఆచరణలో ఏమైందో ఏ సెషన్స్ కోర్టుకైనా వెళ్లి ఒక పూట కూర్చుని చూడండి. చార్జిషీటు వేసిన నాలుగేళ్లకి ట్రయల్ షెడ్యూలు వస్తుంది. అప్పటికి దర్యాప్తు చేసిన సీఐ గారు రెండుసార్లు బదిలీ అయి వేరే జిల్లాలో ఉంటారు. కోర్టు కానిస్టేబుల్ సమన్లు పట్టుకుని తిరుగుతాడు, ఎల్‌డబ్ల్యూ-4 (చార్జిషీటు జాబితాలో నాలుగో సాక్షి) హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఎల్‌డబ్ల్యూ-7 అడ్రసులో లేడు. వచ్చిన సాక్షిని పీపీ గారు మొదటిసారి చూసేది ఆ ఉదయం కోర్టు వరండాలోనే. "ఏమ్మా, పోలీసులకి చెప్పింది గుర్తుందా?" "గుర్తుంది సార్." చేతిలో ఉన్న సీడీ (కేసు డైరీ) ఫైలు తిరగేస్తూ రెండు నిమిషాలు మాట్లాడేలోపు లోపల నుంచి పిలుపు వస్తుంది. బోనెక్కాక ఆవిడ "నాకేం తెలియదు, పోలీసులు నన్ను విచారించలేదు" అంటుంది. పీపీ ఆవిడ్ని హోస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని డిక్లేర్ చేయించుకుని, పోలీసులు దర్యాప్తులో రాసుకున్న 161 వాంగ్మూలం ముందు పెట్టి, "నువ్వు ఇలా చెప్పావు, ఇప్పుడు ముద్దాయితో రాజీపడి అబద్ధం చెబుతున్నావు" అని సూచిస్తారు, ఆవిడ "వాస్తవం కాదు" అంటుంది, అంతే, అయిపోయింది. ఆ వాంగ్మూలం మీద ఆవిడ సంతకం కూడా ఉండదు, చట్టమే వద్దంది. ఆవిడ ఎందుకు మాట మార్చింది, ఎవరైనా ఇంటికొచ్చారా, అసలు మొదటి వాంగ్మూలం ఆవిడ చెప్పిందేనా లేక స్టేషన్ రైటర్ రాసుకున్నదా? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడిగే బాధ్యత ఎవరి ఉద్యోగంలోనూ లేదు. మిగిలిన ఎల్‌డబ్ల్యూలని గివప్ చేస్తారు, అంటే విచారించకుండా వదిలేస్తారు. ముద్దాయి నిజంగా నేరస్తుడైతే బయటికి నడిచి వెళ్తాడు, నిర్దోషి అయితే నాలుగేళ్లు ఊరికే పోయాయి.

సుప్రీం కోర్టుకి ఇది తెలియక కాదు. 2014 జనవరిలో కిషన్‌భాయ్ కేసులో, అహ్మదాబాద్‌లో ఆరేళ్ల పాపపై అత్యాచారం, హత్య ఆరోపణ ఉన్న కేసులో, దర్యాప్తులోనూ ప్రాసిక్యూషన్‌లోనూ వరస లోపాల వల్ల నిందితుణ్ని వదిలేయాల్సి వచ్చినప్పుడు, కోర్టు రెండు ఆదేశాలిచ్చింది. కేసు కోర్టుకెళ్లే ముందే ప్రాసిక్యూషన్ వాళ్లు ఆధారాలు పరిశీలించి లోపాలు సరిచేయించాలి. కేసు కొట్టేసిన ప్రతిసారీ ఎక్కడ పోయిందో చూసి, తప్పు చేసిన అధికారి మీద చర్య తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 20 జిల్లా స్థాయి దాకా ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పెట్టుకోవచ్చంటోంది. అందులో డిప్యూటీ డైరెక్టర్ ఏడేళ్లు ఆపైన, పదేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసు రిపోర్టుని పరిశీలించాలి. పదేళ్లు ఆపైన పడేవి డైరెక్టర్ పర్యవేక్షించాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ పరిశీలించేవాడి దగ్గర ఉండేది కూడా అదే కాగితం. డీవీఆర్ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో చార్జిషీటు చదివితే తెలియదు, షాపుకి వెళ్లాలి. వెళ్లే మనిషి ఆ ఆఫీసులో లేడు.

నేను అడుగుతున్నది అమెరికా తరహా డీఏ కాదు, తుపాకీ పట్టుకుని అరెస్టులు చేసే ఇన్వెస్టిగేటర్ అసలే కాదు. ఆర్. సరళ గీతని చెరపకుండానే పని జరుగుతుంది. చార్జిషీటు తర్వాత కేసు ఎలాగూ ప్రాసిక్యూషన్‌దే కదా, ఆ దశలో మాత్రమే పనిచేసేలా, పోలీసు శాఖ కింద కాకుండా డైరెక్టరేట్ కిందే ఒక చిన్న కేడర్ ఉండాలి. అరెస్టు అధికారం అక్కర్లేదు. లోపం కనపడితే పీపీకి రాసిస్తారు, తదుపరి దర్యాప్తు కావాలంటే పీపీ కోర్టుని అడుగుతారు. ట్రయల్ మొదలయ్యాక కోర్టు అనుమతితోనే, 90 రోజుల్లో ముగించాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 193లో ఇప్పటికే ఉంది, కోర్టు కావాలంటే గడువు పెంచుతుంది. ఒక్క షరతు మాత్రం రాజీ లేకుండా చట్టంలో ఉండాలి: వీళ్లు రాసే ప్రతి కాగితం, ముద్దాయికి పనికొచ్చేదైనా సరే, డిఫెన్స్‌కి వెళ్లాలి. ఆ షరతు లేకుండా ఈ కేడర్ పెడితే సాక్షులకి పాఠం చెప్పే ఇంకో జట్టు తయారవుతుంది, అలాంటప్పుడు అసలు పెట్టకపోవడమే మేలు.

ఖర్చు ఎంతో ఏమీ కాదు. జిల్లాకి ముగ్గురో నలుగురో మనుషులు, ఒక బండి, ఒక ఫోన్. చార్జిషీటుకి నంబరు పడిన వారంలో ఎల్‌డబ్ల్యూ జాబితా పట్టుకుని ఒక్కొక్క సాక్షి ఇంటికి వెళ్లాలి, ఇప్పటి అడ్రసు రాసుకోవాలి, పక్కింటివాళ్ల నంబరు ఒకటి తీసుకోవాలి, మీ వాంగ్మూలం చదివి వినిపిస్తాను, మీరు చెప్పింది ఇదేనా అని అడగాలి, కాదంటే కాదన్న మాటని తేదీ వేసి అలాగే రాయాలి. వాయిదా వచ్చే నెలలో మళ్లీ ఒకసారి వెళ్లాలి.